ఏడుగురిలో ఇద్దరే ఆమె పిల్లలు

ప్రార్థన చేసుకుని ఆలోచించుకోమన్నారు. గంటలో వస్తామన్నారు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి మరీ వెళ్ళారు, ఏం మర్యాద, ఏం మర్యాద! వరండాలో రెండు బెంచీల మీద పెట్టెలో మా తమ్ముడు పడుకుని ఉన్నాడు. లోపల, చర్చి వెనక గదిలో, పాటల బృందం తెల్లంగీలు వేలాడే కొక్కేల కింద, ఒక కాలు కుంటే ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను. మా ఇద్దరికీ మధ్య ఒక్క మాట అడ్డం. ఆ మాట నేనంటే వాడు ఈ కిటికీలోంచి కనిపించే సమాధుల తోటలో అమ్మ పక్కన పడుకుంటాడు. అనకపోతే ఈ ఎండలో బండెక్కించి ఊరి చివరికి, నా అన్నవాళ్ళు లేనివాళ్ళని పెట్టే చోటికి తీసుకుపోవాలి. మాట పెద్దదేం కాదట. ఆరాధనలో అందరి ముందూ లేచి నిలబడి, మా తమ్ముడు చేసింది తప్పు, వాడి తరఫున నేను అడుగుతున్నాను, సంఘం క్షమించాలి, అనాలి. రెండు ముక్కలు టీచర్, అంతే, అన్నాడు పాస్టరు. ఈ పిల్లాడు నా దగ్గరే చరిత్ర చదువుకున్నాడు, ఏ ప్రశ్నకైనా రెండు ముక్కలే రాసేవాడు, ఆ అలవాటు ఇంకా పోలేదు.

నేను ప్రార్థన చెయ్యను. ఇంకొకళ్ళు చెయ్యమంటే చేసేది ప్రార్థన కాదు, హోంవర్కు. బైబిల్ మాత్రం తెరిచాను, అదీ వాళ్ళు చెప్పారని కాదు, చేతులు ఊరుకోలేక. చెయ్యి దానంతటదే సమూయేలు రెండో గ్రంథం, ఇరవై ఒకటో అధ్యాయం దగ్గరికి పోయింది. మా బుధవారం ఆడవాళ్ళ తరగతిలో ఆ మధ్య వేసవంతా ఈ పేజీ మీదే కూర్చున్నాం. నన్ను నత్త టీచరంటారు. మిగతా చోట్ల ఒక్క సాయంత్రంలో ఆదాముతో మొదలుపెట్టి అపొస్తలుల దాకా పరిగెత్తి, టీ తాగి ఇళ్ళకి పోతారు. మా దగ్గర ఒక వచనం ముందు నడుం వాల్చి కూర్చోవాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు, అది ఏ కాలం, కాళ్ళ కింద నేల ఎలాంటిది, అక్కడ ఉండి కూడా కథలో పేరు లేనివాళ్ళెవరు. ఇవన్నీ అడక్కుండా నా ముందు పేజీ తిప్పడానికి వీల్లేదు. ఒకసారి ఒకావిడ, టీచర్, ఈ లెక్కన ప్రకటన గ్రంథం నా మనవరాలి చేతికి వస్తుంది, అంది. రానీ, ప్రపంచం అంతమయ్యేది అందులోనే కదా, నీకేం తొందర, అన్నాను. పక్కగదిలో స్విచ్చి బోర్డు బిగిస్తున్న తమ్ముడు పడీ పడీ నవ్వాడు. నిన్న ఎవరింట్లోనో పని చేస్తూ నిచ్చెన దిగి మంచినీళ్ళడిగాడట. గ్లాసు తెచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడట, ఎండకి సొమ్మసిల్లి కునుకు తీస్తున్నాడనుకున్నారట. అడిగిన నీళ్ళు తాగకుండా పోవడమేంట్రా, ఏ పనీ సగంలో వదలనివాడివి. ఏడుపొస్తోంది. వస్తే రానీ, కానీ ఈ గదిలో వద్దు. వీళ్ళ కుర్చీలో కూర్చుని ఏడిస్తే దాన్ని కూడా పశ్చాత్తాపం కింద జమ కట్టేస్తారు.

సరే, చదువు. దావీదు రోజుల్లో మూడేళ్ళు వరసగా కరువు. ఎందుకని రాజు దేవుణ్ణి అడిగాడు. నీకు ముందున్న రాజు సౌలు గిబియోనీయుల్ని చంపాడు, ఆ రక్తం ఇంకా అంటుకునే ఉంది, అని జవాబొచ్చింది. ఇక్కడ ఆగాలి. గిబియోనీయులెవరు? పాతకాలంలో ఆ దేశాన్ని గెలుచుకుంటూ వస్తున్న యెహోషువ దగ్గరికి బూజు పట్టిన రొట్టెలు, అతుకులేసిన చెప్పులు పట్టుకొచ్చి, మేం ఎక్కడో దూరదేశం వాళ్ళం బాబూ అని నమ్మించి, చంపనని మాట తీసుకున్నవాళ్ళు. మోసం బయటపడ్డా మాట మాటే, దేవుడి పేరున ఇచ్చింది గనక. ఆ తర్వాత కట్టెలు కొట్టుకుంటూ, నీళ్ళు మోసుకుంటూ బలిపీఠం చుట్టుపక్కల బతికారు. ఆ కాలంలో ఒప్పందానికి సాక్షులు దేవుళ్ళే. తప్పితే నేల ఎండుతుంది, తెగులు తగులుతుంది అని ఆ ప్రాంతమంతా నమ్మేవాళ్ళు. ఉత్తరాన హిత్తీయుల రాజొకడు తన దేశంలో తెగులు తగ్గకపోతే, మా నాన్న ఒట్టు తప్పినందుకే ఇది, అని మట్టి పలకల మీద ప్రార్థన రాయించుకున్నాడు, అవి తవ్వకాల్లో దొరికాయి. కాబట్టి దావీదు కొలువులో ఈ జవాబు విని ఎవరూ ఆశ్చర్యపోయి ఉండరు. నా ఆశ్చర్యం వేరే. సౌలు చేసిన ప్రతి తప్పునీ పూసగుచ్చినట్టు చెప్పిన గ్రంథం, ఈ చంపడం మాత్రం ఇక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పలేదు. ఎందుకో నాకు తెలీదు, తెలీదనే తరగతిలో చెప్పాను. తెలిసిందల్లా ఒకటి. సౌలు వంశంలో ఏడుగురు మగపిల్లల్ని మాకిచ్చెయ్యండి అని గిబియోనీయులు అడిగారు. దావీదు ఇస్తానన్నాడు. సౌలు కొడుకుల్లో ఒకడు తన స్నేహితుడు, అతనికి మాటిచ్చాడు గనక అతని కుర్రాణ్ణి దాచుకున్నాడు, మిగతా వాళ్ళ విషయంలో బేరం కూడా ఆడలేదు. పాత రాజు వంశం తుడిచిపెట్టుకుపోతే సింహాసనం ఎవరికి చల్లగా ఉంటుంది టీచర్, అంది ఒకావిడ. నేను చాక్‌పీసు కింద పెట్టాను. దేవుడి పేరు మీద ఒక పని జరుగుతున్నప్పుడు అందులో ఎవరి సుఖం ఎంతుందో ఒకసారి చూడమ్మా అని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతాను, ఈ గదిలోనే నిలబడి చెబుతాను.

ఫ్యాను తీగ నా కాళ్ళ పక్కనుంచే పోతోంది. ఎర్ర తీగ, అక్కడక్కడా నల్ల టేపు చుట్టి ఉంది, గుమ్మం దాటి వరండాలో వాడి తల దగ్గర పెట్టిన ఫ్యాను దాకా. ఈ చర్చిలో వాడు బిగించని తీగ లేదు. అందరూ వాణ్ణి మైకు అనేవాళ్ళు, అసలు పేరు పెట్టి పిలిస్తే వాడే పలికేవాడు కాదు. చర్చిలో వెనకవైపు బల్ల దగ్గర మీటల పెట్టె ముందేసుకుని కూర్చుని, ఎవరి గొంతు పెంచాలో ఎవరిది తగ్గించాలో చూసుకునేవాడు. పాస్టరు చొక్కాకి చిన్న మైకు తగిలించి ఉంటుంది. ఆయన వేదిక దిగి ఈ గదిలోకి అడుగుపెట్టగానే ఆ మీట కిందికి లాగెయ్యాలి. ఏ ఆదివారమూ మరిచిపోలేదు, పాట పాడుతూ కూడా లాగేవాడు. ఒక ఆదివారం లాగలేదు. అందరం తలలు వంచి, కళ్ళు మూసుకుని మౌన ప్రార్థనలో ఉన్నాం. చీమ చిటుక్కుమంటే వినిపించే నిశ్శబ్దం. పైన స్పీకర్లలోంచి పెద్దాయన గొంతు వచ్చింది. పెద్దాయనంటే సంఘ పెద్దలందరికీ పెద్ద, టైమెంతయిందని అడిగినా తీర్పు చెప్పినట్టుంటుంది. "ఆ పిల్లని లోపల పెట్టనివ్వకండి. తన ప్రాణం తనే తీసుకున్నదానికి మన తోటలో చోటేంటి? గోడ అవతల పెట్టించండి. తల్లేమంటుంది, ఊడ్చుకునే మనిషి, రెండ్రోజులు ఏడ్చి మళ్ళీ చీపురు పట్టుకుంటుంది." గొంతు పైనుంచి వచ్చింది కదా, అలవాటు కొద్దీ ఎవరో ఆమెన్ అన్నారు. చిట్టచివరి వరసలో తలుపు పక్కన, ఆ ఊడ్చే మనిషి కూర్చుని ఉంది. బడికెళ్ళే ఒక్కగానొక్క కూతురు శవమై ఇంట్లో పడుకుని ఉంటే, ప్రార్థనలో పిల్ల పేరు చదువుతారేమోనని వచ్చి కూర్చుంది. ఆమె వైపు తిరిగి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేను చూశాను. ఆమె కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి, పెదవులు కదులుతూ ఉన్నాయి, ప్రార్థన పూర్తి చేసింది మహాతల్లి.

వాళ్ళకి కోపం వచ్చింది ఆ మాట మీద కాదు, మీట మీద. కావాలనే వదిలేశాడన్నారు, దేవుడి మందిరాన్ని అల్లరిపాలు చేశాడన్నారు, క్షమాపణ చెప్పేదాకా సంఘంలో లేనట్టే అన్నారు. నేనూ అడిగాను, నిజం చెప్పరా, మరిచిపోయావా, వదిలేశావా. అన్నం తింటున్నాడు, ముద్ద మింగి, నీళ్ళు తాగి, "అక్కా, నా చేతిలో ఉన్నది మీట. వాళ్ళ నోరు వాళ్ళ చేతుల్లోనే ఉంది కదా?" అన్నాడు. ఇంకో మాట రాబట్టలేకపోయాను. పిల్లని గోడ అవతలే పెట్టారు, గోడకి ఆనించి, చర్చి బండ్లు ఆపుకునే జాగాలో. నేను పెద్దలతో పోట్లాడాను, మా తరగతి ఆడవాళ్ళు పోట్లాడారు, ఫలితంగా మా బుధవారం తరగతికి చర్చి హాలు మూతపడింది. అప్పట్నుంచి మా ముందుగదిలోనే నేలమీద కూర్చుని చదువుకుంటున్నాం, ఇరుకైనా అక్కడ ఎవరి ముఖమూ మాడదు. వాడు మళ్ళీ ఈ గేటు లోపలికి రాలేదు. ఆదివారాలు నన్ను గేటు దగ్గర దింపి, గోడ చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ పిల్ల దగ్గర ఒక బల్బు పెట్టాడు. పెద్దలు తీయించారు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీయించారు. బల్బులకి కరువా అక్కా నా దగ్గర, అనేవాడు. అలాంటివాడి తరఫున నేను తప్పయిందని చెప్పాలట! చెబితే వాడు పెట్టెలోంచి లేచి, ఏంటే నత్తక్కా, నన్నడక్కుండా, అంటాడు. లేస్తే బావుండును. లేస్తాడంటే ఈ క్షణం చెప్పేస్తాను, మోకాళ్ళ మీద పడి చెబుతాను.

కానీ అమ్మ పక్కన చోటు. అది మాత్రం నాకు కావాలి, కావాలనే చెబుతాను, సిగ్గేం లేదు. అమ్మ పోయేముందు వాడి చెయ్యి వదల్లేదు, నాది వదిలేసింది, నువ్వు గట్టిదానివిలే అన్నట్టు. కిటికీలోంచి కనిపిస్తోంది అమ్మ రాయి, పక్కన ఇంత ఖాళీ, గడ్డి మొలిచింది. ఆ కాలంలో కూడా అంతే. కొండ తొలిచి, లోపల అరుగులు చెక్కి, ఇంటివాళ్ళందర్నీ ఒకే గుహలో పెట్టేవాళ్ళు, ఎముకలు మిగిలాక ఒక మూల కుప్పగా చేర్చేవాళ్ళు, అందుకే చనిపోతే తన పితరులతో చేర్చబడ్డాడు అంటారు. తాత ఎముకా మనవడి ఎముకా కలిసిపోవాలి, అదీ వాళ్ళు కోరుకున్న శాంతి. పాతిపెట్టకుండా వదిలెయ్యడం చావుకన్నా పెద్ద శిక్ష. అష్షూరు రాజుల ఒప్పందాల్లో శాపాలు చదివితే తెలుస్తుంది, మాట తప్పితే నీ ఒళ్ళు గద్దలు తినాలి, కుక్కలు పీక్కుతినాలి, అని రాసుకున్నారు. గిబియోనీయులు ఆ ఏడుగుర్నీ కొండమీద వేలాడదీసి అలాగే వదిలేశారు. ధర్మశాస్త్రంలో ఏముంది? వేలాడదీసినవాణ్ణి ఆ రాత్రికి అక్కడ ఉంచకూడదు, అదే రోజు పాతిపెట్టాలి, అని ఉంది. ఈ సంగతి రాజుకి తెలీదా? యాజకులకి తెలీదా? అంత పెద్ద దేశంలో శాస్త్రం చదివిన ఒక్క మగాడికీ గుర్తు రాలేదా? తెలిసినవాళ్ళంతా ఇళ్ళల్లో కూర్చున్నారు. వచ్చింది ఒక ఆడది.

రిస్పా. అయ్యా అనే ఆయన కూతురు, సౌలు ఉపపత్ని. పేరుకి నిప్పుకణిక అని అర్థం చెబుతారు కొందరు. అంతకుముందు ఒక్కచోట వస్తుంది ఈమె పేరు, సౌలు పోయాక సేనాపతి ఈమె దగ్గరికి వెళ్ళాడని సౌలు కొడుకు గొడవ. చచ్చిపోయిన రాజు ఆడదాన్ని తీసుకోవడమంటే ఆ రోజుల్లో సింహాసనం మీద కన్నేసినట్టు లెక్క, అందుకని మగాళ్ళిద్దరూ ఆమె పేరు పెట్టుకుని అరుచుకున్నారు, ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడా ఆమె నోరు విప్పదు. మొత్తం గ్రంథంలో ఒక్క మాట లేదు ఆమెకి. గోనెపట్ట తీసుకుని వెళ్ళి బండమీద పరుచుకుంది. గోనెపట్టంటే మన బియ్యం బస్తా కాదు, మేకవెంట్రుకలతో నేసిన నల్లటి ముతక గుడ్డ, గుడారాలకి వాడేది, ఒంటికి తగిలితే గీరుకుపోతుంది. యవల కోత మొదలైన రోజుల్లో పరిచింది. అంటే ఎండలు ముదిరే ముందు. మళ్ళీ ఆకాశం నుంచి చినుకు పడేదాకా లేవలేదు. అక్కడ తొలకరి పడేది ఎండాకాలం మొత్తం గడిచిపోయాక. పగలు పక్షుల్ని వాలనివ్వలేదు, రాత్రి మృగాల్ని దగ్గరికి రానివ్వలేదు, అని ఒక్క వాక్యంలో రాసేశారు. ఆ ఒక్క వాక్యం దగ్గర మేం ఎన్ని బుధవారాలు కూర్చున్నామో! ఏం తినింది? ఎవరు తెచ్చిపెట్టారు? నిద్ర ఎప్పుడు పోయింది? ఆ వాసన ఎలా భరించింది? మొదట బిడ్డల ముఖాలు గుర్తుపట్టేలా ఉండి ఉంటాయి, తర్వాత ఉండవు, అయినా లేవలేదు. రాజుని ప్రాధేయపడలేదు, క్షమాపణ చెప్పలేదు, మా ఆయన తప్పు చేశాడు దయచూపండి అనలేదు. చేత్తో కాకిని తోలింది.

గదిలో ఫ్యానూ, వరండాలో ఫ్యానూ ఆగిపోయాయి. కరెంటు పోయింది. గది ఒక్కసారి ఉడికిపోయింది, అంగీలు కదలడం మానేశాయి, వరండాలో గొంతులు వినిపించడం మొదలుపెట్టాయి. నేను గబగబా లేచి తలుపు తీశాను. పెట్టె మూత ఇంకా వెయ్యలేదు. గాలి ఆగితే చాలు, ఈగలకి ఎవరు కబురు పెడతారో. వాడి ముఖం మీద ఈగ. వాడి కనుబొమ్మ మీద, చిన్నప్పుడు నిచ్చెన మీంచి పడితే కుట్లేసిన చోట. నేను గుమ్మం దాటేలోపే తువ్వాలు ఒకటి గాలిలో లేచింది. ఊడ్చే మనిషి. ఆ పిల్ల తల్లి. ఎప్పుడొచ్చి నిలబడిందో పెట్టె తలవైపు, తువ్వాలు తిప్పుతోంది. తొందర లేదు, ఏడుపు లేదు, ఎవరైనా చూస్తున్నారా అన్న ధ్యాస లేదు. ఒక వైపు తిప్పి, మళ్ళీ ఇంకో వైపు. ఆమె చెమట వాడి మీద పడకుండా మధ్యలో మోచేత్తో నుదురు తుడుచుకుంటోంది. నన్ను చూసి, "మీరు వెళ్ళి కూర్చోండి టీచరమ్మా, నేనున్నాగా," అంది.

కూర్చున్నాను. బైబిల్ చేతిలో అలాగే తెరిచి ఉంది, వచనాలు అక్కడే ఉన్నాయి, నేనే ఇంకోసారి మొదట్నుంచి చదివాను. రిస్పా కొడుకులు ఇద్దరు. సౌలు పెద్దకూతురి కొడుకులు ఐదుగురు. మొత్తం ఏడుగురు. కొండమీద వేలాడుతున్నది ఏడుగురు, అందులో ఇద్దరే ఈమె పిల్లలు. మిగతా ఐదుగురి తల్లి ఎక్కడ? పాఠం చెప్పదు. బతికి లేదేమో, రానివ్వలేదేమో. పక్షులకి తెలుస్తుందా, ఈ ఇద్దర్నీ వదిలెయ్యాలి, ఆ ఐదుగుర్నీ తినొచ్చు అని? మనిషి ఒక్కతే బండమీద నిలబడి చెయ్యి విసిరితే ఏడుగురి మీంచీ లేచిపోవాలి కాకులు. కోతకాలం నుంచి తొలకరి దాకా ఆమె పరాయి తల్లి బిడ్డల్ని కూడా కాపాడింది. ఒక్క రోజైనా, నా ఇద్దర్నీ దించుకుని పోతాను, మిగతావాళ్ళ సంగతి మీరు చూసుకోండి, అని ఉంటే రాజు ఒప్పుకునేవాడేమో. అనలేదు. నేను ఈ పొద్దున్నుంచీ ఏమంటున్నాను? మా తమ్ముడు, మా అమ్మ పక్కన, మా తమ్ముడు, మా అమ్మ పక్కన. బయట పరాయి బిడ్డ మీద ఈగలు తోలుతున్న మనిషి కూతురు గోడ అవతల ఉంది.

పాస్టరు తలుపు తోసుకుని వచ్చాడు. గంట అయిందో లేదో, ముఖం మాత్రం వెలిగిపోతోంది. వెనకాల గుమ్మంలో పెద్దాయన, లోపలికి రాకుండా, బయట ఉండకుండా.

"టీచర్, దేవుడు దారి చూపించాడు. మీరేం అనక్కర్లేదు. క్షమాపణా వద్దు, ఏం వద్దు. అమ్మగారి పక్కనే పెట్టేద్దాం."

"ఎందుకు మనసు మారింది?"

"గేటు దగ్గర జనం పెరిగిపోయారు టీచర్. ఊళ్ళో ఉన్న ఎలక్ట్రీషియన్లంతా వచ్చారు. మీ బుధవారం వాళ్ళయితే లోపలికి రమ్మన్నా రాకుండా అక్కడే నిలబడ్డారు. ఎందుకొచ్చిన గొడవ, పోయినాయన పోయాడు అని పెద్దాయనే అన్నారు."

దేవుడు చూపించిన దారి గేటు వైపునుంచి వచ్చిందన్నమాట. ఎందుకు అబద్ధం, ఒక్క క్షణం నా ప్రాణం లేచొచ్చింది. ఆ గడ్డి, అమ్మ రాయి, వాడు. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. ఒక్క సరేతో అయిపోతుంది. ఇంటికెళ్ళి తలుపేసుకుని ఎంతసేపైనా ఏడవొచ్చు. తలుపులోంచి తువ్వాలు కనిపిస్తోంది, ఒక వైపు తిరిగి, మళ్ళీ ఇంకో వైపు.

"ఇంకొకళ్ళున్నారు బాబూ," అన్నాను.

"ఎవరు టీచర్?"

"గోడ అవతల."

పాస్టరు ముఖంలో వెలుగు ఆరిపోయింది. పెద్దాయన అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు. "ఏమ్మా, చెయ్యందిస్తే భుజం ఎక్కుతున్నారే. పాతిపెట్టినవాళ్ళని తవ్వి తీస్తారా ఎక్కడైనా? పాపం కాదూ? చట్టం ఒప్పుకుంటుందా?"

"ఆ పిల్లని కదపమని ఎవరన్నారండీ? పిల్ల ఎక్కడుందో అక్కడే ఉంటుంది. గోడని కదపండి. అవతలి జాగా కూడా చర్చిదే కదా, మీ కారు ఆపుకునేది అక్కడేగా?"

"గోడని కదపడమా!"

"రిస్పా చేసింది విన్నాక దావీదు రాజు ఎక్కడెక్కడి ఎముకలో ఏరుకొచ్చి ఒకచోట పెట్టాల్సి వచ్చింది. మీకంత కష్టం లేదు. నాలుగు వరసల ఇటుక తీసేసి, కొంచెం చుట్టూ తిప్పి కట్టుకుంటే సరిపోతుంది. కరువు పోయింది కూడా ఏడుగుర్నీ చంపినప్పుడు కాదండీ, పాతిపెట్టాక. ఆ తర్వాత దేవుడు దేశం మొర విన్నాడు అని ఉంది. చదువుకోండి, నెమ్మదిగా."

"కుదరదంటే?"

గొంతు ఎప్పట్లాగే ఉంది, తీర్పులా. నేను బైబిల్ మూసి లేచాను, కోపానికే లేచాను, భయానికి కాదు, ఎవరేమనుకున్నా సరే. "కుదరకపోతే మా అమ్మ పక్క ఖాళీగానే ఉంటుంది. మా తమ్ముణ్ణి అవతలే పెడతాను, ఆ పిల్ల పక్కన. అప్పుడు అవతలివాళ్ళు ఇద్దరవుతారు. నేను పోయాక ముగ్గురం. మా బుధవారం వాళ్ళందరికీ వయసు మీద పడుతోంది, వాళ్ళకీ చెబుతాను. చూస్తూ ఉండండి, కొన్నాళ్ళకి ఏది లోపలో ఏది బయటో మీకే తెలీకుండా పోతుంది. అప్పుడు మీరొక్కరే ఇక్కడ పడుకుందురు గాని."

పెద్దాయన నా వైపు కాదు, పాస్టరు వైపు చూశాడు. పాస్టరు నేల చూశాడు, తర్వాత తలుపులోంచి బయటికి చూశాడు, పెట్టె వైపు, తువ్వాలు వైపు. ఆ ఆదివారం ఆ మాట వచ్చింది ఈ పిల్లాడి చొక్కాకి ఉన్న మైకులోంచే, ఆ మాట విని తలూపిన మెడ ఇదే. "నేను చెబుతాను తాతకి," అని, ఎవరి అనుమతీ అడక్కుండా బయటికి నడిచాడు. నాకు వాడి మీద ప్రేమ పుట్టుకొచ్చింది, చెవి మెలిపెట్టాలనీ అనిపించింది.

గోతులు తవ్వే తాత చెట్టుకింద గునపం మీద చేతులాన్చి నిలబడి ఉన్నాడు, పొద్దున్నుంచీ ఎక్కడ తవ్వాలో ఎవరూ చెప్పక. పాస్టరు ఆయన చెవిలో ఏదో అన్నాడు. తాత నమ్మలేనట్టు గోడ వైపు చూశాడు, పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన ఔననలేదు, కాదనలేదు, వరండా మెట్టు మీద నిలబడి ఎండని చూస్తున్నాడు. కాదంటే బావుండుననిపించింది, నా దగ్గర ఇంకా చాలా కోపం మిగిలిపోయింది. గేటు దగ్గర నుంచి మా బుధవారం ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే లోపలికి రావడం మొదలుపెట్టారు. నేను పెట్టె దగ్గరికి వెళ్ళి పిల్ల తల్లి చేతిలోంచి తువ్వాలు తీసుకున్నాను. ఇవ్వలేదు మొదట, గట్టిగా పట్టుకుంది, అప్పుడు చెప్పాను, వాడి దగ్గర నేనుంటాను, నువ్వటు వెళ్ళు, అని.

ఆమె తోట దాటి గోడ దాకా నడిచింది. తాత గునపం ఎత్తబోతుంటే చెయ్యి చాచి అడిగింది, ఆయన మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. ఇంతకాలం ఈ తోటంతా ఊడ్చిన మనిషి, గోడకి ఇటువైపు ప్రతి ఆకూ ఏరిన మనిషి, మొదటిసారి ఆ గోడని తాకింది. అరచెయ్యి ఇటుక మీద పెట్టి, ముఖం దగ్గరగా పెట్టింది. నేను ఈగలు తోలుతూనే ఉన్నాను, ఎవరూ మాట్లాడటం లేదు, అందుకే అంత దూరం నుంచీ వినిపించింది. గునపం ఎత్తే ముందు ఆమె గోడ అవతలికి చెప్పింది, "కొంచెం వెనక్కి జరగవే అమ్మా, పెచ్చులు మీద పడతాయి."